చీటీ ఇచ్చి వచ్చేయాల్సిన ఇల్లు

భావనపాడులో జ్ఞానసుందరి తొక్కని గడప లేదు. పదేళ్లుగా ఆశా కార్యకర్త. పురుళ్ళకీ, చంటిపిల్లల టీకాలకీ ఆమే దిక్కు. ఆ వేసవిలో విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చారు. మనసు బాగోలేనివాళ్ళకి వైద్యం ఊళ్ళలోకి ఎలా తేవచ్చో పరిశోధన చేస్తున్నారట. జ్ఞానసుందరినీ, మరో పదకొండు మంది ఆడవాళ్ళనీ బాప్టిస్టు చర్చి హాల్లో కూచోబెట్టి నెల రోజులు తర్ఫీదిచ్చారు.

ఆ జట్టుకి పెద్ద డాక్టర్ అనూరాధ. శృంగవరపుకోటలో బట్టల కొట్టు నడిపేవాళ్ళ అమ్మాయి. ఆవిడ మొదటిరోజే ఒక సంగతి విప్పి చెప్పింది. ఊళ్ళని లాటరీ తీసి రెండు భాగాలు చేశారు. సగం ఊళ్ళలో, దిగులుతో కుంగిపోయినవాళ్ళ ఇంటికి వారానికోసారి వెళ్ళి ఎనిమిది వారాలు మాట్లాడాలి. మిగతా సగంలో ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్ళకి పెద్దాసుపత్రి డాక్టరు పేర చీటీ ఇచ్చి వచ్చేయాలి. ఏడాది తర్వాత తేడా చూసి, మంచి జరిగిందని తేలితే ఆ మాటల వైద్యం అందరికీ ఇస్తారు.

లాటరీలో జ్ఞానసుందరి సొంత ఊరికి మాటలు వచ్చాయి. పక్కనున్న బెస్తల పాలేనికి చీటీ వచ్చింది.

ఆ పాలెంలోనే మరిడమ్మ ఇల్లు. జ్ఞానసుందరి వెళ్ళేసరికి, మధ్యాహ్నం పన్నెండైనా గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ముప్ఫయ్యెనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు నెత్తిమీద చేపల గంప పెట్టుకుని నడుస్తుంటే, గొంతు నాలుగు వీధులకి వినిపించేది. ఇప్పుడు జుట్టు అట్టకట్టి ఉంది.

జ్ఞానసుందరి కాగితం చూసి చదివింది. "గత రెండు వారాలుగా మీకు పనుల పట్ల నిరాసక్తత కలిగిందా?"

"ఏటప్పా అది?" అంది మరిడమ్మ. ఆ పాలెంలో అక్కని అప్ప అంటారు.

"ఏ పనీ సెయ్యబుద్దవట్లేదా అని."

"అదా. ఆర్నెల్లయింది."

తొమ్మిది ప్రశ్నలూ అయ్యాయి. చివరిది అడిగేటప్పుడు జ్ఞానసుందరి గొంతు తగ్గించింది. మరిడమ్మ, "సచ్చిపోవాలని నేదు. లెగాలని నేదు, అంతే," అంది.

జవాబులకి వేసిన మార్కులు మొత్తం పదిహేడు, అంటే దిగులు బాగా ముదిరినట్టు. జ్ఞానసుందరి చీటీ రాసి ఇచ్చింది. లేచి నిలబడింది.

"ఏటి జరిగినాదే నీకు?" అని అడిగింది. ఆ ప్రశ్న కాగితంలో లేదు.

"అదేనప్పా నా సిగ్గు. ఏటీ జరగనేదు. ఎవులూ పోనేదు. మా ఆయన మంచోడు. పిల్లలు సదువుకుంతన్నారు. ఏడవడానికి కారణం సెప్పమంతే నా కాడ నేదు." ఆమె చీటీని తలగడ కిందికి తోసింది. "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

రానని చెప్పాలి. ఈ ఊరికి ఇంతేనని చెప్పాలి. నెల రోజులు అదే నేర్పారు.

"లచ్చివారం వస్తాను," అంది జ్ఞానసుందరి.

వెళ్ళింది. ఆ తర్వాత లక్ష్మివారమూ వెళ్ళింది. తర్ఫీదులో నేర్చుకున్నట్టే రోజుకో చిన్న పని ఒప్పించింది. ఒకరోజు తల దువ్వుకోవడం, మరోరోజు వాకిట్లో పదినిమిషాలు కూచోవడం. ఒక్కో వారం ఒక్కటీ జరిగేది కాదు. అలాంటప్పుడు పక్కన చాప మీద తానూ నడుం వాల్చి, మరిడమ్మ చెప్పినంత వినేది. మూడోవారం తనే ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు మాత్రలు రాశాడు.

మరిడమ్మ మొగుడు గంగులు చేపల వేట నుంచి వచ్చి జ్ఞానసుందరిని గుమ్మంలో చూశాడు. గాలి సోకిందని అప్పటికే రెండుసార్లు పెళ్ళానికి తాయెత్తు కట్టించిన మనిషి.

"మీ మతంలో కలుపుకోడానికొస్తన్నావేటప్పా?"

"బైబిలు ఇంటికాడే ఒగ్గీసొచ్చినాను బావా. నీ పెళ్ళాం అన్నం తిన్నాదా నేదా సూడ్డానికొచ్చినాను."

గంగులు వల భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మరుసటి లక్ష్మివారం ఆమె వచ్చేసరికి అరుగు మీద చాప పరిచి ఉంది. తనే పరిచానని అతను చెప్పలేదు.

ఆరు వారాల తర్వాత రెండోసారి ప్రశ్నలు అడగడానికి ఫిన్నీ వచ్చాడు. అనూరాధ దగ్గర పరిశోధన చేస్తున్న కొత్తవలస కుర్రవాడు. పదిహేడు ఏడుకి ఎలా దిగిందో అతనికి అంతుపట్టలేదు. మరిడమ్మ దాచలేదు. "అప్ప వస్తాది కదా," అంది.

మర్నాడు అనూరాధ చర్చి హాలుకి పిలిపించింది. జ్ఞానసుందరి రాత్రంతా చెప్పుకోవలసిన మాటలు కూడబలుక్కుంది. వచ్చి ఎదురుగా కూచుంది.

"మీకు నియమం అర్థం కాలేదా, సుందరిగారూ?" అంది అనూరాధ మెల్లగా.

"అర్థమైందమ్మా."

"తేడా చూపించలేకపోతే ఎవరూ మన మాట నమ్మరు. జిల్లా అంతా ఇలాంటి వాళ్ళే ఉన్నారు. వాళ్ళందరికీ తోడు దొరకాలంటే ముందు రుజువు కావాలి. అందుకే కదా మనసు కష్టపెట్టుకుని లాటరీ తీశాం."

"నిజమేనమ్మా. తప్పు నాదే. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగినాది. రానని సెప్పడానికి నోరు రానేదు. మీరైతే ఏటి సెప్పుదురు?"

అనూరాధ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. తర్వాత ఫిన్నీ వైపు తిరిగింది.

"ఆ పాలెంలో చీటీలు ఎంతమందికి ఇచ్చాం?"

"పన్నెండు మందికి మేడమ్."

"ఆసుపత్రికి ఎంతమంది వెళ్ళారు?"

ఫిన్నీ టాబ్లెట్‌లో వెతికాడు. "ఒక్కరే. మరిడమ్మ."

చీటీ తీసుకున్న మిగతా పదకొండు మంది మొహాలు జ్ఞానసుందరి కళ్ళ ముందు ఒక్కొక్కటిగా తిరిగాయి. వాళ్ళ తలగడల కింద కూడా చీటీలు ఉండి ఉంటాయి.

"జరిగింది జరిగినట్టు రాయి," అంది అనూరాధ ఫిన్నీతో. "ఆ ఇంటిని ఫలితాల్లోంచి వేరు చెయ్యి. చీటీ ఇచ్చి ఊరుకోవడం చాలదని పరిశోధనలో ఎవరికీ అన్యాయం జరక్కుండా చూసే నైతిక సంఘానికి ఇవాళే ఉత్తరం రాస్తాను. వాళ్ళు ఒప్పుకుంటే చీటీ ఊళ్ళలో కూడా రోగి వెంట మనవాళ్ళు ఆసుపత్రి దాకా వెళ్ళాలి." జ్ఞానసుందరిని చూసింది. "ఇంకోసారి నాతో చెప్పకుండా చేస్తే ఊరుకోను. ఇంకెన్ని వారాలున్నాయి?"

"రెండు."

"పూర్తి చెయ్యండి. మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే ఆవిడకి మరీ అన్యాయం."

సంఘం ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఆ పదకొండు మందిలో ఎనిమిది మంది తోడు ఉంటే వస్తామన్నారు. జగ్గమ్మ అనే ముసలామె మాత్రం, తనకేమీ లేదనీ, ఆటో ఎక్కి చాలా కాలమైంది కనక వస్తాననీ చెప్పింది.

అంతకు ముందే ఎనిమిదో లక్ష్మివారం వచ్చింది. మరిడమ్మ తెల్లవారుజామున రేవుకి వెళ్ళి గంపలో సగం చేపలే ఎత్తుకుని అమ్మి వచ్చింది. పూర్తి గంప ఇంకా మొయ్యలేనంది. కొన్ని పొద్దులు ఇప్పటికీ గోడవైపే తిరగాలనిపిస్తుందని కూడా చెప్పింది. జ్ఞానసుందరి ఆఖరి రోజు చెప్పాల్సినవన్నీ చెప్పింది. మాత్రలు మానకూడదు, దిగులు మళ్ళీ కమ్ముకుంటే కబురు పెట్టాలి.

మరిడమ్మ అంతా విని, "ఎనిమిది వారాల్నుంచీ నాను సెప్పడం, నువ్వు ఇనడం. నువ్వెవులికి సెప్పుకుంతావప్పా?" అంది.

జ్ఞానసుందరి నవ్వి లేవబోయింది. మరిడమ్మ చెయ్యి పట్టి కూచోబెట్టింది. చేపల వాసన వేస్తున్న, గట్టి చెయ్యి.

ఇరవై రెండేళ్ళ కిందట తన కూతురు బేబీ పుట్టాక, జ్ఞానసుందరి ఏడాదిపాటు ఆ పిల్లని ఎత్తుకోలేకపోయింది. చర్చిలో అందరూ ప్రార్థన చేశారు. భర్త సీమోనే పాలు పట్టి పెంచాడు. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నాకు కూడా కారణం నేదే," అంది జ్ఞానసుందరి.

మరిడమ్మ దగ్గరికి జరిగి కూచుంది. "సెప్పు," అంది.