కొట్టేసిన నాలుగు వరుసలు

మా తెలుగు సంఘం ఏడాదికోసారి వేసే పత్రికకు తెలుగు అక్షరాలు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. నెల్లూరు నుంచి పుదుచ్చేరికి కోడలిగా వచ్చినదాన్ని కదా! మిగతావాళ్ళకు తెలుగు ఇంట్లో మాట, బళ్ళో చదివింది అరవం. అందరూ తెలుగునే అరవ అక్షరాల్లో రాసి తెస్తారు. సారం అనే పేటలో మా ఇంట్లో కూర్చుని నేను వాటిని తెలుగులోకి ఎత్తిరాస్తాను. ఎత్తిరాయగానే అసలు కాగితం చించేయాలి. అక్షరాలు రావని బయటివాళ్ళకు తెలిస్తే పరువు పోతుందని సంఘం పెట్టుకున్న కట్టుబాటు అది. ఏం పరువో, ఏం పాడో!

2006లో విల్లియనూరు త్యాగరాజన్ అన్న తాను తోలిన చెరకు బండ్ల గురించి మూడు పేజీలు రాసిచ్చాడు. మనిషికి ఒక్క పేజీయే అన్నాడు మా కార్యదర్శి శివలింగం. నాకూ చేతి దురద ఎక్కువే. 'యాడ' అని ఉంటే 'ఎక్కడ' అని దిద్దాను. బండ్ల సంగతి ఉంచి, చివర్లో భార్య గురించి నాలుగు వరుసలుంటే కొట్టేశాను. చెరకు బండ్లకూ పెళ్ళానికీ ఏం సంబంధం అనుకున్నాను. కాగితాలు చించి చెత్తబుట్టలో పడేశాను.

పత్రిక అచ్చులో ఉండగానే అన్న గుండెపోటుతో పోయాడు.

పదహారో రోజు కర్మ దాటాక ఆయన భార్య ధనభాగ్యం వదిన బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. అచ్చయిన పత్రిక నా చేతిలో పెట్టింది.

"చదువు మహాలక్ష్మీ. పొయ్యే ముందురోజు చెప్పినాడు, 'నీ గురించి రాసినా, పుస్తకం వస్తే చదివించుకో' అని. ఏం రాసినావంటే నవ్వినాడు గానీ చెప్పలా."

నేను వంటింటి వైపు లేచాను.

"ముందు కాఫీ తాగు వదినా."

"కాపీ యాడికి పోతుంది? చదువు."

కళ్ళజోడు తెస్తానని లోపలికి పరిగెత్తాను. చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ. బీరువా కింద, పాత పేపర్ల కట్టల్లో, బియ్యం డబ్బా వెనక పిచ్చిదానిలా వెతికాను. అచ్చాఫీసుకు ఫోన్ చేశాను. "మాకొచ్చింది మీ చేతిరాతే కదమ్మా" అన్నారు. దేవుడా, ఆ ఒక్క కాగితం మిగిల్చి ఉండకూడదా!

వచ్చి కూర్చుని చదివాను. ఎద్దులు, బురద, మిల్లు గేటు దగ్గర బండ్ల బారులు. పేజీ అయిపోయింది.

"నా మాట ఇంకా రాలేదే?" అంది వదిన.

ఆమెకు ఈ అక్షరాలు రావు. ఏం చదివినా నమ్ముతుందనుకున్నాను. పేజీ మీద కళ్ళు పెట్టి అల్లడం మొదలుపెట్టాను.

"నా సహధర్మచారిణి ధనభాగ్యం లేనిదే నా జీవితం శూన్యం. ఆమె ఓర్పే నాకు..."

"ఆపు." వదిన నా చేతిలోని పత్రిక మూసేసింది. "ఇది ఆయన మాట కాదు. 'ఏమే' అంటాడు నన్ను. ఎద్దుల్ని తిట్టినట్టే తిడతాడు. సహధర్మ... అదేంది? నిజం చెప్పు, ఆయన ఏం రాసినాడు?"

ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. కొట్టేసింది, చించేసింది, అంతా ఏడుస్తూ చెప్పేశాను.

"ఒక్క మాటైనా గుర్తుందా?"

కళ్ళు మూసుకున్నాను. అన్న రాసిన గుండ్రటి అరవ అక్షరాలు కనిపిస్తున్నాయి. వాటి మీద నేను గీసిన ఎర్ర పెన్సిలు గీత కనిపిస్తోంది. మాటలు మాత్రం రావడం లేదు.

"లేదు వదినా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"నలభై ఏండ్లు కాపురం చేసినా. నోరిప్పి ఒక్క మంచి మాట అనలా. కడాకు రాసినాడు. లోకంలో దాన్ని చదివింది నువ్వొక్కదానివే. నీకు గుర్తొచ్చేదాకా ఈడనే కూచుంటా."

గోడకు ఆనుకుని నా నోటివైపే చూస్తూ కూర్చుంది. వీధి చివర విల్లియనూరు బస్సు వచ్చి పోయింది. ఇంకొకటీ పోయింది. ఆమె లేవలేదు. నాకు గుర్తు రాలేదు.