ఒక్క పాటకు అతిథి

మా బావ నన్ను పిలిచింది గిటార్ వాయించడానికి కాదని రిహార్సల్ రోజున గానీ నాకు తెలియలేదు. అప్పటికి మూడు నెలలుగా నేను వేళ్ళు అరగదీసుకుంటున్నాను.

బావ అంటే మా అక్క భర్త. రాక్ బ్యాండులో గాయకుడు. ముప్పై ఏళ్ళ కిందట ఓ పాత కార్ల షెడ్డులో మేం నలుగురం మొదలుపెట్టిన బ్యాండు అది. గొంతు బావది, గిటార్ నాది, డ్రమ్స్ పిడుగువి, బేస్ గిటార్ మౌనిది. ఇవి మేం పెట్టుకున్న పేర్లు. పిడుగుకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. మౌనికి నోట్లో నాలుక ఉందని కనిపెట్టడానికి మాకు ఏడాది పట్టింది.

పదకొండేళ్ళు వాయించి నేను బయటికొచ్చేశాను. కూతురు పుట్టింది. నెలకి ఇరవై రోజులు బస్సులో పడుకునే తండ్రి దానికెందుకు అనిపించింది. లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాను. ఆ రోజు బావ, "పోతే పో. నీ సోలో ఎవడైనా వాయిస్తాడు" అన్నాడు. సోలో అంటే పాడేవాడు నోరు మూసుకుని గిటార్ ఒక్కదానికే చోటిచ్చే ఘట్టం. మా పాటలన్నిట్లో జనం ఎక్కువగా అడిగే పాటలో అలాంటిదొకటి నేను కట్టాను. వాళ్ళ కచేరీలకి మళ్ళీ వెళ్ళలేదు గానీ, బావ అన్న ఆ మాట పందొమ్మిదేళ్ళుగా నా చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది.

అందుకే, ముప్పై ఏళ్ళ పండక్కి పెద్ద కచేరీ పెడుతున్నాం, ఒక్క పాటకి అతిథిగా రారా అని ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ముందూ వెనకా చూడలేదు. "వస్తున్నా" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా ఎడమచెయ్యి చూసుకున్నాను.

ఆరేళ్ళ కిందట ఒక లిఫ్టు తలుపు ఆ చేతి ఉంగరం వేలిమీద మూసుకుంది. వేలు దక్కింది గానీ మధ్య కణుపు వంగదు. స్పానర్ పట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. గిటార్ తీగ మీద మాత్రం అది చచ్చిన వేలే. ఈ సంగతి బావకి బాగా తెలుసు, ఆస్పత్రికి నన్ను మోసుకెళ్ళింది ఆయనే. వేలు పోయినా సరే నేనే కావాలనుకున్నాడు చూడు అని, పిచ్చి వెధవలా పొంగిపోయాను.

ఇంక మొదలైంది నా తంటా. నాలుగు వేళ్ళతో కట్టిన దాన్ని మూడు వేళ్ళకి మార్చుకోవాలి. పొద్దున పనికి వెళ్ళేముందు గంటసేపు, మధ్యాహ్నం అన్నం తిన్నాక పదకొండంతస్తుల మేడ పైన లిఫ్టు మెషిన్ గదిలో ఇంకో గంట. అక్కడ మోటారు గోలలో నా తప్పులు నాకే వినపడేవి కావు, అదొక సుఖం. ఇంట్లో అలా కుదరదుగా. "నీ మొదటి ముక్క వినీ వినీ మన కుక్కర్ కూడా అదే రాగంలో కూస్తోంది" అని మా ఆవిడ దెప్పింది. దెప్పినా, ఆదివారాలు ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపి "ఆయన పనిలో ఉన్నారు" అని పంపేసింది కూడా తనే.

రెండున్నర నెలలకి సోలో మొత్తం మూడు వేళ్ళలోకి వచ్చింది. కాస్త నెమ్మదిగా నడిచేది. కొన్ని చోట్ల పాత పరుగు లేదు. అయినా అది నాదే.

రిహార్సల్ ఓ టైర్ల దుకాణం మీద గదిలో. పిడుగు నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. మౌని నా చెయ్యి పట్టుకుని ఊపాడు, వాడి లెక్కలో అది పెద్ద ఉపన్యాసం. ఇప్పుడు గిటార్ వాయిస్తున్నావిడ సంగీతం టీచరు, లేచి తన చోటు నాకిచ్చింది. గది మూల కంప్యూటర్ ముందు సౌండ్ చూసే అమ్మాయి. పిడుగు చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు. అందులో వాడికి టిక్ టిక్ అని లెక్క వినిపిస్తుందట, దాన్నిబట్టి వాయిస్తాడట. మా రోజుల్లో ఇవేవీ లేవు.

పాట మొదలైంది. నా చోటొచ్చింది. నేను మొదటి తీగ మీటానో లేదో, స్పీకర్లలోంచి ఇంకో గిటార్ వినపడింది. నాకంటే వేగంగా, నాకంటే ధీమాగా. నేను ఆపేశాను. అది ఆగలేదు.

"ఎవరది వాయిస్తున్నది?" అన్నాను.

"మీరే సార్. రికార్డులోది" అంది సౌండ్ అమ్మాయి.

బావ మైకు పక్కనపెట్టి నా దగ్గరికొచ్చాడు. "నువ్వెళ్ళాక ముగ్గుర్ని పెట్టి చూశాంరా. జనం ఒప్పుకోలేదు, అది కాదు అది కాదని ఒకటే అరుపులు. చివరికి నీ రికార్డే పెట్టేశాం. ఎనిమిదేళ్ళుగా ఇంతే. ఆ ముక్క వచ్చినప్పుడు టీచరుగారు వాయిస్తున్నట్టు చేతులాడిస్తారు. ఈసారి నువ్వు ఆడించు. ఊరికే నిలబడు చాలు."

ఒళ్ళు మండిపోయింది. "అంటే గంగిరెద్దులా నిలబడి తలాడించమంటావా?"

"నీ మొహం చూడ్డానికొస్తున్నార్రా జనం!"

"మొహమే కావాలంటే నా పెళ్ళి ఫొటో పంపిస్తా, తెర మీద వేసుకో. నేను వచ్చింది వాయించడానికి."

"ఆ వేలితోనా?" అన్నాడు బావ. అనేశాక నాలిక్కరుచుకున్నాడు గానీ, నోరు జారిన మాట జారిపోయింది.

"ఆ వేలు లేకుండానే. రికార్డు తీసెయ్. ఒక్కసారి విను."

తీసేశారు. వాయించాను. సగంలో ఉండగా పిడుగు ధడేల్మని పల్లవిలోకి దూకాడు. నేనింకా మూడో వరసలోనే ఉన్నాను. తప్పు వాడిది కాదు. సోలోకి తాళం ముప్పై రెండు ఆవర్తనాలే తిరగాలని కంప్యూటర్లో కట్టేసి ఉంది. పాతరోజుల్లో అలాంటి లెక్క ఉండేది కాదు. ఒకరోజు పొట్టిగా వాయించేవాణ్ణి, ఇంకోరోజు పొడుగ్గా. అయిపోవచ్చిందంటే కుడి భుజం కిందికి దించేవాణ్ణి, అది చూసి పిడుగు అందుకునేవాడు. ఇప్పుడు వాడు నన్ను చూడనే చూడట్లేదు. చెవిలో టిక్ టిక్ వింటున్నాడు.

"చూశావుగా" అన్నాడు బావ, నెమ్మదిగానే. ఆ నెమ్మదితనమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, పంతాలకి పోకురా. మీ బావ నిద్రపోవట్లేదు."

"నేనేం ఆయన ఆస్తి అడిగానా అక్కా? నా ముక్క నన్ను వాయించుకోనిమ్మన్నాను."

"అది కాదురా. నీకు తెలియని సంగతులు కొన్నుంటాయి..."

"నాకు తెలిసింది చాలు" అని పెట్టేశాను. వినాల్సింది. ఆ క్షణం వినే స్థితిలో లేను.

మర్నాడు పిడుగు లాండ్రీ దుకాణానికి వెళ్ళాను. ఇస్త్రీ బల్ల ముందు చెమటలు కక్కుతున్నాడు. "ఆ హెడ్‌ఫోన్లు తీసేసి ఒక్క పాటకి నన్ను చూడరా" అనడిగాను.

"ఎనిమిదేళ్ళుగా అది వింటూ వాయిస్తున్నా. అది లేకపోతే లయ తప్పి పరిగెత్తేస్తానేమో అని భయంరా" అన్నాడు. ఒక చొక్కా మడిచి పక్కన పెట్టి, "మీ బావ సంగతి కూడా ఆలోచించు" అని మళ్ళీ ఇస్త్రీలో పడ్డాడు. ఎంత గుచ్చి అడిగినా ఇంకో ముక్క రాల్చలేదు.

చివరికి బావే దిగొచ్చాడు. "సరే, నువ్వే వాయించు. రికార్డు కింద నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ వినపడదు. నువ్వు తప్పితే ఆ అమ్మాయి దాన్ని పైకి లేపుతుంది. నీ పరువూ దక్కుతుంది, నాదీ దక్కుతుంది." నాకు నచ్చలేదు. అయినా వాయించే దారి అదొక్కటే కనపడింది. ముప్పై రెండు ఆవర్తనాల్లో పట్టడానికి రెండు వరసలు కత్తిరించాను. సొంత చొక్కా చేతులు సొంత కత్తెరతో కత్తిరించుకున్నట్టుంది ప్రాణానికి.

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. బావ నా పేరు చెప్పగానే చప్పట్లు మోగాయి. గిటార్ తగిలించుకుని వేదిక మీదికెక్కాను.

నా చోటొచ్చింది. మొదటి వరస బాగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో వరస మొదట్లో ఆ మొద్దు వేలు పక్క తీగకి తగిలి, ఒక్క స్వరం టక్‌మని చచ్చిపోయింది. ఒకే ఒక్కటి. సర్దుకుని ముందుకెళ్ళేలోపే నా గిటార్ శబ్దం కిందికి దిగిపోయింది, రికార్డు పైకి లేచింది. హాలంతా ఒక్కసారిగా ఈలలు. ఆ ఈలలు నాకు కావు. ఇంకా వేలు నలగని, ఇంకా లిఫ్టు తలుపు ముట్టని ఆ పాతికేళ్ళ కుర్రవెధవకి.

చెయ్యి ఆడిస్తూ నిలబడితే అయిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. మా ఆవిడ మూడో వరస కుర్చీల్లో కూర్చుంది, తనకీ తెలిసేది కాదేమో.

నేను రెండు చేతులూ తీగల మీంచి తీసి తల పైకెత్తాను.

గిటార్ వాయిస్తూనే ఉంది. నా చేతులు గాల్లో ఉన్నాయి. ముందు వరసల్లో కొందరు నవ్వారు, వేళాకోళమనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది. పిడుగు తలెత్తి చూశాడు. నా చేతులు చూశాడు. హెడ్‌ఫోన్లు లాగి కింద పడేసి, కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. మౌని ఆపేశాడు. రికార్డు ఒక్కటే ఇంకాసేపు మోగింది. ఆ అమ్మాయి దాన్ని కూడా ఆపేసింది.

బావ మైకు కిందికి దించి నా మీదికొచ్చాడు. "ఎంత పని చేశావురా! ఇంతమంది ముందు నా తల తీసేశావు!"

"మొత్తం వాయించకుండా దిగను బావా. కావాలంటే మెడపట్టి గెంటించు."

అప్పుడు వెనకనుంచి పిడుగు ముందుకి వంగి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ఒరే, అందులో ఉన్నది నీ గిటార్ ఒక్కటే కాదు. చివరి పల్లవిలో పైకెళ్ళే గొంతు కూడా అందులోదే. నాలుగేళ్ళ కిందట వాడికి గొంతు ఆపరేషనయింది. అప్పట్నుంచీ పై స్వరం పలకదు. మీ అక్కకీ మాకూ తప్ప ఎవరికీ తెలీదు."

నాకు తల కొట్టేసినట్టయింది. అక్క చెప్పబోయింది ఇదే. ఊరికే నిలబడు అని ఆయన నాకు చెప్పింది, నాలుగేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటున్నదే. సిగ్గేసింది. అయినా వెనక్కి తగ్గాలని మాత్రం అనిపించలేదు. ఇప్పుడు తగ్గితే ఆయన ఇంకో పదేళ్ళు అలా నోరాడిస్తూ నిలబడతాడు.

"బావా, నా వేలు సంగతి ఇప్పుడు అందరూ చూసేశారు" అన్నాను. "మూడింటితోనే వాయిస్తాను. నువ్వు ఉన్న గొంతుతో పాడు."

ఆయన మొహం పాలిపోయింది. తర్వాత మైకు ఎత్తాడు. "మెషీన్ ఆపేశాం" అన్నాడు జనంతో. "మా బామ్మర్ది మొండిఘటం. మళ్ళీ మొదట్నుంచీ."

మొదట్నుంచీ వాయించాం. సోలోలో కత్తిరించిన రెండు వరసలూ మళ్ళీ కలిపేశాను. నా వేళ్ళ వేగం ఎంతో అంతే వెళ్ళాను. ఓ చోట వేలు మళ్ళీ తగిలింది, మళ్ళీ ఒక స్వరం చచ్చింది, దాన్నలాగే వదిలేసి ముందుకెళ్ళాను. తిరిగి చూస్తే పిడుగు కళ్ళు నా మీదే ఉన్నాయి. భుజం దించాను. వాడు సరిగ్గా అందుకున్నాడు. ఏడుపొచ్చింది నాకు.

చివరి పల్లవి వచ్చింది. బావ కళ్ళు మూసుకుని పై స్వరానికి ఎగబాకాడు. గొంతు చీరుకుపోయింది. వినడానికే కష్టంగా ఉంది. ఆ స్వరం నా గిటార్లో ఉంది, నా చెయ్యి దాని మీదికి వెళ్ళబోయింది కూడా. ఆపుకున్నాను. మెషీన్ చేసిన పనే నేనూ చేస్తే ఇంతా చేసి ఏం లాభం? ఆయన ఊపిరి తీసుకున్నాడు. అదే మాటని కింది గొంతులో, బొంగురుగా, చివరిదాకా పాడాడు. నేను ఆయన వెనకే కింది తీగల మీద నడిచాను.

అందరూ లేచి చప్పట్లు కొట్టారని అబద్ధం చెప్పను. కొందరు గుసగుసలాడుకున్నారు, ముందు వరసలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కొట్టారు. మొదట అక్కడక్కడ, తర్వాత గట్టిగా.

నా పాట అయిపోయింది. వంగి గిటార్ వైరు పీకేశాను. బావ వచ్చి ఆ వైరు మీద కాలేశాడు.

"ఎక్కడికి?"

"ఒక్క పాటకేగా నన్ను పిలిచావు."

"ఇంకా ఏడు పాటలున్నాయిరా. ఏడింట్లోనూ నా గొంతు ఆ మెషీన్లో ఉంది." మైకుని గుప్పిట్లో మూసి పట్టుకున్నాడు. "నువ్వు దిగావనుకో, భయపడి మళ్ళీ దాన్నే పెట్టమంటాను. నాకు తెలుసు. దిగకు."

వైరు తీసుకుని మళ్ళీ గుచ్చాను.

"తర్వాతిది ఏ పాట బావా?" అన్నాను.