ఎలుక కొరికిన పైపు

ఆ ఇంటికంతటికీ ముక్కు ఒక్కటే, అది పెద్దావిడది. కొడుక్కీ ముక్కుంది గానీ, వాడు ఇంటిపట్టున ఉంటే కదా!

ఆమధ్య కోడలికి ఒక మాయదారి జ్వరం వచ్చి, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. పాలు విరిగినా, కూర మాడినా తెలియదు పిచ్చిదానికి. గిన్నె తెచ్చి అత్తగారి ముఖం దగ్గర పెట్టి, "అత్తయ్యా, ఉంచనా, పారబొయ్యనా?" అని అడిగేది. ఎదురింటి టైలరమ్మకు "మా ఇంటి ముక్కండీ ఈవిడ" అని పరిచయం కూడా చేసింది. పెద్దావిడ పైకి విసుక్కున్నా లోలోపల మురిసిపోయింది. కన్నకూతురికి కూడా తనతో ఇంత పని ఉన్నట్టు ఎన్నడూ కనబడలేదు.

అలాంటి మనిషిని కొడుకు ఆ పొద్దున బస్సెక్కించాడు. "చెల్లి నీ మీద బెంగ పెట్టుకుందమ్మా. కొన్నాళ్లుండి రా" అన్నాడు. సంచి తనే మోశాడు, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాడు. ఎన్నడూ లేని ఆ ప్రేమకు ఆవిడ కళ్లు చెమర్చాయి. చెమర్చవూ మరి, కన్నకడుపు!

కూతురి ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కూతురు మంచినీళ్లిస్తూ, "ఏంటమ్మా, నన్ను చూడందే ఉండలేనని పట్టుబట్టావట? అన్నయ్య ఫోన్ చేశాడు" అంది.

"నేనా? నువ్వే బెంగ పెట్టుకున్నావన్నాడే!"

"నాకేం బెంగ? బానే ఉన్నాగా."

పెద్దావిడ నీళ్లు తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేసింది. వీడు ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పి తనను ఇంట్లోంచి ఎందుకు పంపినట్టు? పంపింది మనిషినా, ముక్కునా?

కొన్నాళ్లుగా ఇంట్లో ఎలుకలు, ఎలుకలు అని వాడు ఒకటే గోల. ఆవిడ కంట ఒక్క ఎలుకా పడలేదు. నిన్న వంటింటి కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాడు, ఎలుకలు రాకుండానట. వాడిది స్టవ్వులు బాగుచేసే కొట్టు. గ్యాస్ సంగతి వాడికి చెప్పాలా? పైగా బ్యూటీ పార్లర్ ఆవిడతో వాడి వ్యవహారం పెద్దావిడకు తెలియనిదేం కాదు. "కాస్త ఓపిక పట్టు, అంతా సర్దుకుంటుంది" అని ఫోన్లో గొణగడం చెవిన పడింది. ఇల్లేమో కోడలిది, వాళ్ల నాన్న ఇచ్చింది. విడాకులంటే వాడు కట్టుబట్టలతో బయటికి నడవాలి. ఇవన్నీ తెలిసీ ఆవిడ కిక్కురుమనలేదు. కొడుకు కదా, ఏ తల్లైనా వెనకేసుకొస్తుంది.

కోడలికి ఫోన్ చేద్దామంటే, ఆమె పనిచేసే మందుల ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. ఎదురింటికి చేసి ఏమని చెప్పాలి? నా కొడుకు పెళ్లాన్ని చంపబోతున్నాడేమో, చూసి పెట్టమనా? "బాబోయ్, మందులు మర్చిపోయానే" అని కూతురికి ఏదో చెప్పి, అన్నం ముట్టకుండానే తిరుగు బస్సెక్కింది. దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది. పాడు మనసు, పాడు ఊహలు, ఇంటికెళ్తే ఏమీ ఉండదు, అందరూ నవ్వుతారు అనుకుంది. నవ్వితే బాగుండునని కూడా అనుకుంది.

తలుపు తీయగానే గ్యాస్ గుప్పుమని కొట్టింది.

చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, స్విచ్ జోలికి పోకుండా వంటింట్లోకెళ్లి సిలిండర్ కట్టేసింది. కిటికీల్లో గుడ్డలు లాగి పారేసి, తలుపులన్నీ బార్లా తెరిచింది. గ్యాస్ వాసనొస్తే స్విచ్ ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ నేర్పింది వాడే. స్టవ్వు వెనక పైపు గాటు పడి ఉంది. అంచులు కొరికినట్టే ఉన్నాయి. ఎలుకేనేమో! ఆవిడ ఆ పైపును చేత్తో తడుముతూ అక్కడే కూలబడింది. ఎలుకే కావాలి, దేవుడా, ఎలుకే కావాలి.

గాలి బాగా ఆడేదాకా ఆగి, కిటికీలు మళ్లీ మూసేసింది. పరదాలకు ఇంకా కాస్త వాసన పట్టే ఉంది. దాన్ని అలాగే వదిలేసింది. వాడు రావాలి, వాడేం చేస్తాడో తను చూడాలి.

పొద్దుగూకే వేళకు కోడలు వచ్చింది. "అత్తయ్యా! అప్పుడే వచ్చేశారేంటి? చీకట్లో కూర్చున్నారేం?"

"తల తిరుగుతోందే. వెలుతురు చూడలేకపోతున్నా. నువ్వూ ఇలా కూర్చో కాసేపు."

కోడలు పక్కన కూర్చుని ఆవిడ నుదురు నొక్కసాగింది. ఆ చేతులకు మందుల పొడి వాసన. పెద్దావిడకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకుంది.

వీధి గేటు చప్పుడైంది. రోజూ కొడుకు చెప్పులు విప్పకముందే లైటు వేస్తాడు, ఇల్లు చీకటిగా ఉంటే ఇంతెత్తున లేస్తాడు. ఇవాళ గుమ్మం బయటే ఆగిపోయాడు. జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"వచ్చారా?" అంది కోడలు. "అత్తయ్య తిరిగొచ్చేశారండీ, ఒంట్లో బాలేదట. ఆ లైటు వెయ్యండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

"అమ్మ... లోపలుందా?"

"ఇక్కడే ఉన్నా నాన్నా. లైటు వెయ్యి" అంది పెద్దావిడ.

"వద్దు. బల్బు పోయింది."

"పొద్దున వెలిగిందిగా" అంది కోడలు.

"సరే, నేనే వేస్తాలే" అని పెద్దావిడ లేచింది. గోడ పట్టుకుని నడిచి, స్విచ్ మీద వేలు పెట్టి ఆగింది.

ఒక్క మాట చాలు. అమ్మా, వద్దు, బయటికి రా అంటే చాలు. చెయ్యి పట్టుకుని లాగితే చాలు. ఎలుకే కొరికిందని ఊరంతటికీ తనే చెబుతుంది, కోడలికీ అదే చెబుతుంది, చచ్చేదాకా అదే మాట మీద ఉంటుంది. సిగ్గులేని మనసు అప్పటికీ వాడి పక్కకే గుంజుతోంది.

వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. మరో అడుగు వేశాడు. తర్వాత వెనుదిరిగి పరుగెత్తాడు.

ఆవిడ స్విచ్ నొక్కింది. గది నిండా వెలుగు పరుచుకుంది. కోడలు గుమ్మంలోకెళ్లి చూస్తే, రోడ్డుకు అవతల టైలరమ్మ ప్రహరీ పక్కన వాడు తల మీద రెండు చేతులూ కప్పుకుని ముడుచుకుని ఉన్నాడు.

"ఆయనకేమైందత్తయ్యా?"

పెద్దావిడ కోడల్ని లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది. పైపు చూపించింది, చూపించి ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంతలో తలుపు మీద చప్పుడు.

"అమ్మా, తియ్యి. పైపు ఎలుక కొరికిందేమోనని భయపడ్డానమ్మా, అంతే."

పైపు సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయమే ఉంది, ఈవిడ ఇప్పుడు తలుపు తీస్తుందేమోనన్న భయం.

"పోలీసులకు కలుపు. మాట్లాడేది నేను" అంది పెద్దావిడ.

ఇంటి గుర్తులు చెప్పింది, జరిగింది చెప్పింది, త్వరగా రమ్మంది. గొంతు ఎక్కడా తొణకలేదు. తలుపవతల వాడు అమ్మా అమ్మా అంటూనే ఉన్నాడు.

"మీరెవరండీ?" అని ఫోన్లో అడిగారు.

"వాడి అమ్మనండీ" అంది.