రెండుకీ మూడుకీ మధ్య

పోస్టాఫీసు మలుపు తిరిగి, రెండో గేరు నుంచి మూడో గేరుకి మార్చేసరికి బండి మళ్ళీ ఎగిరింది. పెద్ద ఎగురుడేమీ కాదు. ముందు సీట్లో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడికైతే చొక్కా మీద కాస్త ఒలుకుతుంది, అంతే. కానీ వెనక తొట్టిలో ఉన్నది టీ కాదు, నిలువెత్తు అద్దం.

క్యాబిన్ వెనక రేకు మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు పడ్డాయి. ఒక దెబ్బ అంటే నెమ్మదిగా పోనిమ్మని. రెండంటే ఆపమని. డ్రైవరు బండిని పక్కకి తీసి ఆపాడు. దిగకముందే విషయం తెలిసిపోయింది. అయినా దిగి, వెనక్కి వెళ్ళి, తొట్టి అంచు పట్టుకుని పైకి చూశాడు.

బావమరిది అద్దాన్ని భుజంతో ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో డ్యాన్సు టీచరు తన క్లాసు గోడకి పెట్టించుకుంటున్న అద్దం అది. చెక్క చట్రానికి ఆనించి, మధ్యలో పాత దుప్పట్లు కూరి, తాళ్ళతో బిగించారు. కింది మూల నుంచి జానెడు పొడవున సన్నటి గీత పైకి పాకింది.

"కట్టడం సరిగ్గా కట్టి ఏడిస్తే కదా!" అన్నాడు డ్రైవరు.

"సరిగ్గానే కట్టాను బావా."

"మరెలా పగిలింది? నేను పగలగొట్టానా?"

బావమరిది జారిన దుప్పటిని చట్రం వెనక్కి నెట్టాడు. అతని కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. పోయిన వారం ఇలాంటి ఎగురుడికే ఒక గాజు పలక చట్రంలోంచి జారబోతే అడ్డం పెట్టిన చెయ్యి అది. డ్రైవరు ఆ గుడ్డ వంక చూసి, చూడనట్టు తల తిప్పుకుని, బండి ఎక్కి తలుపు దభీమని వేశాడు.

అద్దాల షాపులో అందరూ అతన్ని మెల్లన్న అంటారు. అసలు పేరు జీతం ఇచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. బండి మెల్లగా నడుపుతాడని పెట్టిన పేరు. సైకిళ్ళ వాళ్ళు కూడా వెనక్కి తిరిగి ఎగతాళిగా నవ్వుతూ దాటిపోతారు. అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. గాజు బండిని నడపకూడదు, మొయ్యాలి అనేవాడు. లావుపాటి నడుము, ఒక పక్కకి వాలిన మెడ. ఆ మెడ వాలడం ఇంజను చప్పుడు వినీ వినీ వచ్చింది. ఎడమ అరచేతి మధ్యలో కాయ కాసింది. అది గేరు కడ్డీ తల ఆనే చోటు.

ఆ గేరు తల కూడా మామూలుది కాదు. కంపెనీ వాడిచ్చిన ప్లాస్టిక్కుది చెమటకి జారుతోందని, కుర్చీల కోళ్ళు గుండ్రంగా చెక్కే వడ్రంగి చేత గుండ్రటి చెక్క బంతి చేయించి బిగించుకున్నాడు. అప్పుడు బావమరిది ఇంకా చట్రానికి తాడు కట్టడమే నేర్చుకుంటున్నాడు.

పాత గేరుబాక్సుకి మూడో గేరు దగ్గర మొండితనం ఉండేది. సూటిగా వేస్తే గుర్రుమని తిరగబడేది. మెల్లన్న దానితో గొడవ పడలేదు. ఏదో చేసేవాడు, పడేది. ఏం చేసేవాడో అతనికీ తెలియదు. సంవత్సరాల తరబడి అలాగే నెట్టుకొచ్చాక ఒక మధ్యాహ్నం నడిరోడ్డు మీద ఆ గేరుబాక్సు ఇక నావల్ల కాదంది. ఓనరు బండిని షోరూముకి ఈడ్పించి, గేరుబాక్సూ క్లచ్చూ మొత్తం కొత్తవి వేయించాడు. మెల్లన్న పండగలా పొంగిపోయాడు. షోరూము వాళ్ళు పెట్టిన కొత్త ప్లాస్టిక్కు తలని ఆ రోజే పీకి బావమరిది చేతిలో పెట్టి, తన చెక్క బంతిని మళ్ళీ బిగించుకున్నాడు.

అప్పటి నుంచే మొదలైంది ఈ ఎగురుడు.

అప్పటి నుంచే అతనికి మనశ్శాంతి లేదు. అన్నం తింటూ ఉన్నట్టుండి చెయ్యి ఆపి ఆలోచిస్తాడు. వీధిలో ఏ బండి పోయినా దాని గేరు మారే చప్పుడికి చెవి ఒగ్గుతాడు. షోరూముకి తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. వెళ్ళినప్పుడల్లా అక్కడొక చల్లటి గదిలో కూర్చోబెట్టేవాళ్ళు, ఎవరో బండిని తిప్పుకొచ్చేవారు, "ఏమీ లేదండీ, చక్కగా ఉంది" అని తాళం చేతిలో పెట్టేవారు. ఏమీ లేదన్న మాట విన్నప్పుడల్లా మెల్లన్నకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ రోజు పొద్దున అతని పెళ్ళాం కూడా ఊరుకోలేదు.

"రాత్రంతా నా మోకాలు పట్టుకుని ఒకటే తొయ్యడం! అటు తోస్తావు, పట్టుకుని కాసేపు ఆగుతావు, మళ్ళీ పైకి తోస్తావు. నేనేమన్నా నీ బండినా?"

"నిద్రలో ఏం చేశానో నాకేం తెలుసు?"

"అదే చెబుతున్నా. నిద్రలో కూడా నీకు బండే. ఆ షోరూము వాళ్ళ సంగతేదో ఇవాళ తేల్చుకో. లేదంటే నేను వేరే గదిలో పడుకుంటాను. ఉన్నది ఒక్క గదే అయినా సరే."

పగిలిన అద్దంతో షాపుకి తిరిగొచ్చేసరికి ఓనరు గుమ్మంలోనే ఉన్నాడు. పెద్దాయన పోయాక షాపు చూసుకుంటున్న కొడుకు. మెల్లన్నని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు, గట్టిగా మాట్లాడ్డానికి మొహమాటపడేవాడు. అద్దం మూలని వేలితో తడిమి చూశాడు.

"మెల్లన్నా, ఇంకో అద్దం కోయిస్తాను. ఈలోగా షోరూముకి వెళ్ళిరా. ఈసారి తేలిపోవాలి. బండిలో లోపం ఉందంటే నేనే వెళ్ళి వాళ్ళతో పోట్లాడతాను. లేదన్నారంటే..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. లోపలికి వెళ్ళిపోయాడు. పూర్తి చేసి ఉంటేనే మెల్లన్నకి నయంగా ఉండేది. బండిలో లోపం లేకపోతే మిగిలేది డ్రైవరే కదా. ఈ వయసులో బండి లేని డ్రైవరుని ఎవరు పిలుస్తారు? ఆ ఆలోచనతోనే బండిని షోరూము దారి పట్టించాడు. బావమరిది పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. మధ్యలో రెండుసార్లు ఎగిరింది బండి. ఒక్కసారి కూడా అతను "అదిగో" అనలేదు. వీడికి బండి గురించి బాధే లేదు అనుకున్నాడు మెల్లన్న.

షోరూములో ఈసారి కొత్త మెకానిక్కు వచ్చింది. నీలం చొక్కా, మోచేతి దాకా గ్రీజు, జేబులో స్పానరు. మెల్లన్నకి కూతురంత వయసుంటుంది. అతన్ని చల్లటి గదిలోకి పంపలేదు.

"మీరూ రండి అంకుల్. ఎక్కడ ఎగురుతోందో చూపిద్దురు గాని."

బావమరిదిని గేటు దగ్గర ఉంచి, మొదట ఆమె నడిపింది. మెల్లన్న పక్క సీట్లో కూర్చున్నాడు. తన బండిలో ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాళ్ళేమో అక్కడ లేని పెడళ్ళని తొక్కుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. గేరు మారిందా లేదా అన్నట్టు పోతోంది బండి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. బండి కూడా వాళ్ళ వైపే చేరిందనిపించింది.

"ఇప్పుడు మీరు నడపండి."

"నేనెందుకమ్మా? నాకేమన్నా కొత్తా?"

"మీకు కాదు, నాకు కొత్త. మీరు నడుపుతుంటే ఇక్కడ ఎవరూ చూసినట్టు లేదు."

షోరూము వెనక ఖాళీ స్థలంలో నడిపాడు. రెండులోంచి మూడుకి. బండి ఎగిరింది.

"చూశావా! చూశావా అమ్మా! ఇదే!" దొంగని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టినంత సంబరపడ్డాడు మెల్లన్న.

ఆమె బండిని చూడటం లేదు. అతని చేతిని చూస్తోంది.

"మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ ఎగిరింది.

"మధ్యలో ఎందుకాగుతున్నారు?"

"ఎక్కడాగాను?"

"రెండులోంచి తీశాక. అటు పక్కకి తోసి పట్టుకుని, కాసేపు ఆగి, అప్పుడు పైకి తోస్తున్నారు."

"లేదే!"

"చెయ్యి తియ్యండి ఒకసారి."

తీశాడు. ఆమె చెక్క బంతి మీద బొటనవేలు పెట్టింది. చుట్టూ గుండ్రంగా ఉన్న బంతి పక్క సీటు వైపు మాత్రం అరిగి చదునైపోయింది. అరచేయి ఆనించి తోసిన చోటు. రోజూ పట్టుకునే వస్తువే, మెల్లన్న ఎన్నడూ దాన్ని చూసుకోలేదు.

"పాత బాక్సులో మూడో గేరు పడేది కాదు కదూ?"

"బతిమాలితే పడేది."

"అదే అంకుల్. మీరింకా బతిమాలుతున్నారు. దీన్ని బతిమాలక్కర్లేదు. మీరాగినంతసేపూ ఇంజను వేగం పడిపోతోంది. పాత క్లచ్చు అరిగిపోయింది కాబట్టి మెత్తగా పట్టుకునేది, తెలిసేది కాదు. ఇది కొత్తది, గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఆ ఎగురుడు."

పొద్దున పెళ్ళాం అన్న మాట గుర్తొచ్చింది. అటు తోస్తావు, కాసేపు ఆగుతావు. మెల్లన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నాలుగైదు చుట్లు తిరిగాడు. చేతి వంకే చూస్తూ వేస్తే గేరు నున్నగా పడింది. ఒక చుట్టులో ఎవరో టైరు దొర్లించుకుంటూ అడ్డం వచ్చారు. కళ్ళు అటు తిప్పాడు. ఆ ఒక్క క్షణం చాలు, చెయ్యి తన పని తను చేసుకుపోయింది. బండి ఎగిరింది. చేతిని చూస్తూ కూర్చుంటే రోడ్డెవరు చూస్తారు?

"కొన్నాళ్ళు నడిపితే అదే పోతుంది అంకుల్. అలవాటే కదా," అంది ఆమె మెత్తగా.

కొన్నాళ్ళు. ఆ కొన్నాళ్ళూ వెనకాల గాజుతో నిలబడేది ఎవరు? గుడ్డ కట్టిన ఆ చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది.

గేటు బయట బావమరిది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బండి ఆపి మెల్లన్న కిందికి దిగాడు. 

"బండిలో ఏం లేదట్రా. నా చెయ్యేనట."

బావమరిది తల వంచుకున్నాడు. ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోకపోవడం మెల్లన్నకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"ఎప్పట్నుంచి?"

"కొత్త బాక్సు వేశాక నీకు జ్వరం వచ్చినప్పుడు ఓనరు గారు నడిపారు కదా. ఊరంతా తిరిగాం. ఒక్కసారి కూడా ఎగరలేదు."

"మరి చెప్పలేదేంరా? చెయ్యి కోసుకుపోయినప్పుడైనా చెప్పకూడదా? కట్టడం రాదని నిన్ను నానా మాటలూ అన్నాను కదరా!"

"చెబితే నువ్వు బండి దిగేస్తావు. దిగితే ఏమైపోతావో నాకు తెలుసు." గుడ్డ కట్టిన చేతిని వీపు వెనక్కి దాచుకున్నాడు. "గట్టిగా పట్టుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను."

మెల్లన్నకి తల కొట్టేసినట్టయింది. ఆ ఎగురుళ్ళన్నీ వీడు భుజంతో మింగాడు. పైగా తిట్లు కూడా మింగాడు.  తాళం తీసి అతని చొక్కా జేబులో వేశాడు.

"నాకా?" అన్నాడు బావమరిది.

"లైసెన్సు ఎందుకు తీయించింది మీ అక్క? దేవుడి పటం పక్కన పెట్టుకోవడానికా?"

"నా చేతికిస్తే బండి గోడెక్కుతుందని నువ్వే కదా..."

"ఎక్కితే ఎక్కనీ. నడుపు."

షాపులో కొత్త అద్దం సిద్ధంగా ఉంది. మెల్లన్న ఓనరు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"బండి బాగుందండీ. నా చెయ్యే బాగాలేదు. ఇకనుంచి వాడు నడుపుతాడు, నేను వెనక నిలబడతాను."

ఓనరు అతని ముఖంలోకి చూసి, "సరే అన్నా" అన్నాడు. ఇన్నేళ్ళలో అన్నకి ముందు మెల్ల లేకుండా పిలవడం అదే మొదలు.

బయల్దేరే ముందు మెల్లన్న చెక్క బంతిని తిప్పి ఊడదీశాడు. బిగుసుకుపోయి ఉంది, కాసేపు పెనుగులాడితే గాని రాలేదు. బావమరిది డ్యాష్‌బోర్డు అరలో దాచి ఉంచిన ప్లాస్టిక్కు తలని దాని చోట బిగించాడు.

"ఈ బంతి ఉంటే నా రోగం నీకూ అంటుకుంటుంది," అన్నాడు. బంతిని ఓనరు బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి తొట్టి ఎక్కాడు.

అద్దానికి భుజం ఆనించి నిలబడ్డాడు. బండి కదిలింది. పోస్టాఫీసు మలుపు రాగానే మోకాళ్ళు వంచి, పళ్ళు బిగించి, ఎగురుడు కోసం కాచుకున్నాడు. ఇంజను చప్పుడు మారింది. మూడు పడింది. ఏమీ జరగలేదు. అద్దం కిమ్మనలేదు. వంచిన మోకాళ్ళతో, బిగించిన పళ్ళతో అలా నిలబడ్డ తన రూపం అద్దంలో కనబడి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే కళ్ళు చెమర్చాయి. వాడు బాగా నడుపుతున్నాడు. ఇన్నాళ్ళూ నడపగలిగి ఉండేవాడు.

తెలియకుండానే రేకు మీద కణుపుతో ఒక దెబ్బ వేశాడు. బండి వెంటనే నెమ్మదించింది.

"ఏంటి బావా?" లోపల్నుంచి కేక.

"ఏం లేదు. పోనీ."

అద్దం గోడకెక్కింది. డ్యాన్సు టీచరు దాని ముందు ఒకసారి గిర్రున తిరిగి బాగుందంది. చీకటి పడకముందే షాపుకి తిరిగొచ్చారు. తాడు చుట్టలు కొక్కేనికి తగిలించి, దుప్పట్లు దులిపి మడతపెట్టి, మెల్లన్న బల్ల దగ్గరికి వచ్చాడు. ఓనరు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ చెక్క బంతిని వేలితో ఆడిస్తున్నాడు. తీసుకెళ్ళమన్నట్టు కళ్ళతోనే చూపించాడు. మెల్లన్న వద్దన్నట్టు తలూపాడు. ఇవాళైనా మీ అక్కని నిద్రపోనివ్వాలి అని బావమరిదితో అంటూ మెట్లు దిగాడు. ఎడమ చెయ్యి లుంగీ అంచుని గట్టిగా పట్టుకుని ఉంది.

బల్ల మీద ఓనరు వేలు ఎటు దొర్లించినా, చెక్క బంతి కాస్త దూరం పోయి, తిరిగి, అరిగిన వైపు కిందికి చేసుకుని ఆగుతోంది.