మా అన్నయ్య మింగిన స్వరం

మా అన్నయ్య వయొలిన్ వాయిస్తుంటే హాల్లో జనం కళ్లు మూసుకుంటారు. నేను పళ్లు నూరుకుంటాను.

ఆయన వాయింపులో అందరూ తల ఊపేది ఒక్క చోట. పాట మెల్లగా పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఏడో స్వరం దగ్గరికి వస్తుంది. ఆ స్వరాన్ని ఆయన ముట్టుకోడు. ఒక్క క్షణం ఆగి, దాని మీంచి దూకి పై స్వరం మీద వాలతాడు. పండితులు దానికి 'మౌన స్వరం' అని పేరు పెట్టారు. ఒకాయన దాని మీద లావుపాటి పుస్తకమే రాశాడు. ఆ ఆగిన క్షణంలో దేవుడు వినిపిస్తాడట. నాకు మాత్రం మా పాత ఇంటి మెట్ల మీద నా అకార్డియన్ దొర్లిన చప్పుడు వినిపిస్తుంది.

దాన్ని తోసింది ఆయనే. అప్పట్లో నేను ఒక హోటల్ బ్యాండులో వాయించేదాన్ని. పగలు ఇంట్లో సాధన మొదలుపెడితే చాలు, పక్కగదిలో వయొలిన్ పట్టుకున్న అన్నయ్యకి పూనకం వచ్చేది. "ఆపవే నీ హోటల్ గోల! ఆ పెట్టె మోత చెవిన పడితే నా చెయ్యి పాడవుతుంది" అని అరిచేవాడు. ఒకరోజు అరుపుతో ఆగలేదు. పెట్టెని కాలితో మెట్ల మీంచి తోసేశాడు.

పెట్టె బతికింది. ఒక్క కీ మూగబోయింది. నేను వాయించే శ్రుతికి అది సరిగ్గా ఏడో స్వరం. సాయంత్రం హోటల్లో వాయించాలి, బాగుచేయించే తీరిక లేదు. ఆ కీ దగ్గర ఆగి, దాని మీంచి దూకడం మొదలుపెట్టాను. అక్కడ భోజనానికి వచ్చేవాళ్లకి అదే నచ్చింది. నా వేళ్లకీ అదే అలవాటైంది. ఇంక బాగుచేయించే ఊసే ఎత్తలేదు.

కొన్నేళ్లకి అన్నయ్య కచేరీలో అదే దూకడం విని ఉలిక్కిపడ్డాను. గోడవతలి నుంచి విని విని అంటుకుందేమోలే అని సర్దిచెప్పుకున్నాను. అడిగితే నన్నే వెక్కిరిస్తాడని అడగలేదు. ఎంతమంది ఎన్ని దండలు వేసినా నోరు మెదపలేదు. కానీ చివరికి మా అమ్మాయి జోలికి వచ్చాడు.

అమ్మాయి నా దగ్గరే, ఆ మూగ కీ ఉన్న పెట్టె మీదే నేర్చుకుంది. అన్నయ్య ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాలలో చేరాలని దాని ఆశ. ఎంపిక రోజున వాయించి చూపిస్తోంది. ఏడో స్వరం దగ్గర ఆగి దూకగానే అన్నయ్య చెయ్యెత్తి ఆపేశాడట.

"ఇది నా బాణీ. కాపీ కొట్టి తెచ్చావు. ఇందులో నీ సొంతం ఏముంది?"

అందరి ముందూ అన్నాడు, సొంత మేనకోడల్ని. పిల్ల ఇంటికొచ్చి పెట్టె మీద దుప్పటి కప్పేసింది. "ఇంక దీన్ని ముట్టుకోనమ్మా. మామయ్య నన్ను దొంగని చేశాడు" అంది.

మర్నాడు పొద్దున్నే దులిపి పారేద్దామని వాళ్లింటికి వెళ్లాను. వదిన గుమ్మంలోనే వేలు పెదాల మీద పెట్టుకుని ఎదురొచ్చింది.

"రేడియో వాళ్లు వచ్చారమ్మా. మీ అన్నయ్యకి ఏకాంతంలో ఏం వినడం ఇష్టమో అడుగుతున్నారు. కాసేపు లోపల కూర్చో."

నన్ను అన్నయ్య గదిలో కూర్చోబెట్టి టీ పెట్టడానికి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది. హాల్లోంచి మాటలన్నీ వినబడుతున్నాయి.

"మౌన స్వరం మీకెలా దొరికింది సార్?" అంటోంది యాంకరమ్మ.

"సముద్రం దగ్గరమ్మా. ఒక అల వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చేలోపు ఒక ఖాళీ ఉంటుంది. అలా కూర్చుని వినేవాణ్ణి. ఇప్పటికీ నేను వినేది అలల్నీ, వాననీ, అంతే."

మా అన్నయ్యకి నీళ్లంటే చచ్చేంత భయం. చీలమండ తడిస్తే కేకలు పెడతాడు. జనం చెవుల్లో ఎన్ని పూలు పెట్టినా ఆయనకి తనివి తీరదు.

మంచం పక్కన బల్ల మీద పాత క్యాసెట్ ప్లేయర్ ఉంది, హెడ్‌ఫోన్ తగిలించి ఉంది. ఈ అలలేవో నేనూ విందామని ఎకసెక్కంగా చెవులకి పెట్టుకుని నొక్కాను.

గ్లాసుల గలగల. కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరిదో దగ్గు. తర్వాత నా అకార్డియన్.

హోటల్లో ఒక సాయంత్రం మా బ్యాండు వాళ్లే రికార్డు చేసిన టేపు అది. అమ్మకిచ్చాను. అమ్మ పోయాక ఎంత వెతికినా కనబడలేదు. ఎవరో చెత్తలో పారేశారనుకుని ఏడ్చాను కూడా.

వదిన టీ తెచ్చింది. ఆవిడకి పాపం ఏమీ తెలియదు. "అదా? మీ అన్నయ్య రోజూ వయొలిన్ తీసే ముందు తలుపేసుకుని అదే వింటారు. ఏంటని అడిగితే శ్రుతి చూసుకుంటున్నానంటారు" అంది.

గోడవతలి నుంచి అంటుకోవడం కాదన్నమాట. రోజూ తలుపేసుకుని నేర్చుకున్నాడు. హెడ్‌ఫోన్ పీకేసి, ప్లేయర్ పట్టుకుని హాల్లోకి నడిచాను. నన్ను చూడగానే అన్నయ్య ముఖం పాలిపోయింది.

"ఆయన ఏకాంతంలో వినేది ఇదమ్మా. వినండి" అని మైకు పక్కన పెట్టి నొక్కాను.

యాంకరమ్మ శ్రద్ధగా విన్నది. పాట పైకెక్కింది, ఏడో స్వరం దగ్గర ఆగింది, దూకింది. ఆవిడ ముఖం వికసించింది.

"అబ్బ, ఎవరండీ? సార్‌ని అచ్చం దించేశారు!"

"ఎవరు వాయించారో చెప్పు అన్నయ్యా" అన్నాను. చెప్తాడనే ఒక పిచ్చి ఆశ.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎవరో అభిమానులమ్మా, పాపం. పంపిస్తూ ఉంటారు."

"నేనే! ఈయన పేరు పక్కింటివాళ్లకి కూడా తెలియనప్పుడు వాయించాను. మెట్ల మీంచి పెట్టెని తోసి కీ పాడుచేశాడు. ఆ మూగ కీయే మీ మౌన స్వరం" అన్నాను.

యాంకరమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "సార్, ఈ ముక్క కట్ చేసేద్దామా?" అని మెల్లగా అడిగింది.

"చేసెయ్యమ్మా. మా చెల్లెలికి హాస్యం ఎక్కువ."

టేపు తీసి సంచిలో పడేసుకుని బయటికి నడిచాను. గేటు దగ్గర వెనకాలే వచ్చాడు, చెప్పులు కూడా లేకుండా.

"టేపు ఇచ్చెయ్యవే. అది వినకపోతే నాకు చెయ్యాడదు."

"పిల్లని దొంగ అన్నప్పుడు ఆడిందిగా చెయ్యి?"

"అది వాయిస్తుంటే నువ్వు వాయిస్తున్నట్టే ఉంది. ఎవరైనా పోల్చుకుంటారని భయమేసింది." తల దించుకున్నాడు. సిగ్గుతోనేమో అనుకునేలోపే మళ్లీ ఎత్తాడు. "దాని సీటు నేను చూసుకుంటాను. నువ్వు టేపు ఇచ్చి నోరు మూసుకో. ఇద్దరికీ మంచిది."

"సీటు నీ దయ వల్ల వద్దు. మళ్లీ ఎంపిక పెడతావుగా, అప్పుడు విను" అని వచ్చేశాను.

నేరుగా ఇంటికి పోయి పెట్టె మీద దుప్పటి లాగేశాను. దాన్ని రిపేరు షాపుకి మోసుకెళ్లాను. లోపల ఒక రేకు వంగిందట. అతను సరిచేసి కీ నొక్కి వినిపించాడు. ఆ స్వరం విని నాకు ఏడుపొచ్చింది. నా జీవితమంతా దాని మీంచి దూకుతూనే గడిచిపోయింది.

అమ్మాయి మొదట మొండికేసింది. "ఇప్పుడు వాయించు. ఈ స్వరం మీ మామయ్యకి లేదు, నాకూ లేదు" అన్నాను. నాలుగైదుసార్లు అలవాటుగా దూకేసింది. తర్వాత ఆ కీ మీద వేలు పెట్టింది, తీయలేదు.

రెండో ఎంపికకి నేనూ వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. అన్నయ్య మధ్య కుర్చీలో కూర్చుని బల్ల మీద చేత్తో తాళం వేస్తున్నాడు. పాట పైకెక్కుతోంది. పక్కన కూర్చున్న పెద్దలు అలవాటుగా ఆ ఖాళీ కోసం కళ్లు మూసుకున్నారు. అమ్మాయి ఆగలేదు. ఏడో స్వరాన్ని నిండుగా నొక్కి, దాని మీదే నిలబడింది. అందరూ కళ్లు తెరిచారు. అన్నయ్య చెయ్యి ఆగిపోయింది.

ఆయనకి ఆ స్వరం రాక కాదు. వయొలిన్ మీద ఎప్పుడైనా వాయించగలడు. వాయిస్తే మాత్రం ఆ లావుపాటి పుస్తకం, ఆ దండలు, ఆ సముద్రం అన్నీ అబద్ధమైపోతాయి. చచ్చేదాకా దాన్ని ముట్టుకోలేడు.

"ఇది మీ బాణీ కాదు కదండీ?" అని ఒక పెద్దాయన అడిగాడు.

అన్నయ్య కిటికీ వైపు చూశాడు. నేను కదల్లేదు. ఆయన పెద్దాయన వైపు తిరిగాడు.

"నాది కాదు."

పిల్లకి సీటు వచ్చింది. ఆ రెండు మాటలూ రేడియోలో చెప్పి ఉంటే టేపు ఇచ్చేసేదాన్ని. ఇప్పుడు ఇవ్వను.