వసారాలో గోదావరి నడక

చెక్కకు నూనె ఎందుకు పట్టిస్తారో చెప్పుండ్రి చూద్దాం? నిగనిగలాడడానికా? అది సగం జవాబే. చెక్కకు దాహం ఎక్కువ పిల్లలూ. వానలకు ముందే దానికి కడుపునిండా నూనె తాగిస్తే, ఇక నీళ్లకు లోపల జాగా ఉండదు. అందుకని ఉబ్బదు, కుళ్లదు.

పెద్ద యుద్ధం ఇంకా రాకముందు మాట. షోలాపూర్ జోడ్‌భావి పేటలో సిద్ధరాములు అనే నేతగాడి ఇంటి ముందు టేకు చెక్కల వసారా ఉండేది. ఏటా మిరుగం కార్తె వానలకు ముందర ఆయన దాని పని పెట్టుకునేవాడు. మొదట పాత గోనెపట్టాతో రుద్ది దుమ్ము వదిలించాలి. మగ్గం కింద రాలిన తెగిన పోగులను పేని, కరిగించిన గుగ్గిలంలో ముంచి, చెక్కల మధ్య సందుల్లో కత్తి మొనతో కూరాలి. ఆపైన అవిసె నూనె. పడుగుకు గంజి పట్టించే కుంచె అరిగిపోతే, దానితోనే వసారాకు నూనె పూసేవాడు. నేతింట్లో పారేసే వస్తువేముంటుంది?

ఆ వసారాకు ఒక అలవాటుండేది. ఇంటికి ఎవరు రాబోతున్నా, వాళ్ల నడక ముందే దాని చెక్కల్లో కిర్రుమనేది. పక్క వీధివాళ్లయితే పూట ముందు, దూరంవాళ్లయితే నెలల ముందు. కరీంనగర్ మేనమామ నడక వినిపిస్తే చాలు, సిద్ధరాములు భార్య యల్లమ్మ జొన్నలు విసరడానికి కూర్చునేది. అది తప్పడమన్నది లేదు. సందులన్నీ కూరేస్తే మాత్రం చలికాలం దాకా నోరు మూసుకునేది. అందుకే సిద్ధరాములు గడప దగ్గరి సందు ఒక్కటి వదిలేసేవాడు. కొడుకు పురుషోత్తం బొంబాయి మిల్లుకు పోయి ఏళ్లయింది. వాడి నడక ఒక్కనాడూ వినపడలేదు.

ఆ యేడు కూతురు గోదావరి ఒక మాట ఎత్తింది. పెనిమిటి పోయాక ఆమె పుట్టింట్లోనే ఉంటోంది. అంతకు ముందటేడు పక్కింటి అనసూయ కాన్పు కష్టమై గోదావరి చేతుల్లోనే కన్నుమూసింది. ఇప్పుడు దవాఖాన నర్సుబాయి, “పుణెలో కాన్పులు చేసే పని నేర్పిస్తరు, సాయంత్రం బండికి నాతోని రా” అంది.

“కశాలా? ఎందుకు పోవాలె?” నూనె పూస్తూనే అన్నాడు సిద్ధరాములు. “పోయినోళ్లు వస్తరా? మీ అన్న వచ్చిండా?”

“అన్న మీది కోపం నా మీద తీస్తవేంది బాపూ?” గోడకు ఆనుకుని పోగులు పేనుతున్న గోదావరి తల ఎత్తకుండా అడిగింది.

“కోపం కాదు బిడ్డా, భయం.”

“భయమైతె ఆ నూనె నువ్వు గూడ ఇంత తాగరాదయ్యా, జర గట్టిపడతవు!” లోపలి నుంచి యల్లమ్మ.

“నువ్వు సప్పుడు జెయ్యకు.”

అంతలో గడప దగ్గరి చెక్క కిర్రుమంది. సిద్ధరాములు కుంచె వదిలేసి పరుగున పోయి, వంగి చెవి ఆనించాడు. ఒక అడుగు గట్టిగా, ఇంకో అడుగు రాసుకుంటూ. పురుషోత్తం నడక కాదు. చిన్నప్పుడు మడమ విరిగిన గోదావరి నడక.

“ఆగవే గోదావరీ, నడవకు! ఇననియ్యి.”

“నేనేడ నడుస్తున్న? నీ ముంగటనే కూసున్న గద!”

యల్లమ్మ తడిచేతులతో వచ్చి నిలబడింది. ముగ్గురూ విన్నారు. వీధి వైపు నుంచి ఇంట్లోకి, తొందర లేకుండా, అలసిపోయి ఇల్లు చేరే మనిషి నడక.

“బిడ్డదే,” అంది యల్లమ్మ మెల్లగా. “మస్తు దూరంకెల్లి వస్తున్నది.”

సిద్ధరాములు ఎదురుగా కూర్చున్న కూతురిని చూశాడు, చెక్కను చూశాడు. ఇంట్లో ఉన్న మనిషి ఇంటికి ఎట్లా వస్తుంది? ఆ లెక్కను మనసులో తిప్పి తిప్పి చూసి, చివరికి నూనె చేతులు ధోతికే తుడుచుకుని లేచాడు.

“ట్రంకు పెట్టె తియ్యవే,” అన్నాడు భార్యతో. “రావాలంటె ముందుగాల పోవాలె గద.”

ఆ సాయంత్రం పెట్టె ఆయనే నెత్తిన పెట్టుకుని కూతురి వెనకాల స్టేషన్ దాకా నడిచాడు.

ఏంది, అట్ల చూస్తున్నరు? మళ్ల వచ్చిందా అనా? మీ నాయిన నా కడుపులో ఎదురు తిరిగి, కాళ్లు ముందు పెట్టి వచ్చినోడు. వాణ్ణి, నన్ను, ఇద్దరినీ దక్కించింది ఎవరనుకున్నరు?

సరే, జరుగుండ్రి. బిందె సగం తోమి నల్లా కాడ వదిలిపెట్టి వచ్చిన.