స్కార్ఫు వాలిన వైపు

రోజూ పొద్దున్నే స్టూడియోలో ముందుగా వేడెక్కేది ఇస్త్రీపెట్టె. కాస్ట్యూమ్ గదిలో ఆ పని చూసుకునే ఆవిడకి సీరియల్లో ఎవరి గుండె ఎప్పుడు పగులుతుందో ముందే తెలుసు. మనసు పడ్డ ఎపిసోడ్‌కి నీలం స్కార్ఫు, అలిగితే మెడదాకా బొత్తాలు, విడిపోతే ఒక సైజు పెద్ద కోటు. మనిషి లోలోపల చిక్కిపోయినట్టు కనపడాలి మరి. హీరోయిన్ ఆవిడ సొంత కూతురే. చూపు ఎప్పుడు దించాలో, భుజం ఎంత తిప్పాలో చిన్నప్పట్నుంచీ అద్దం ముందు నిలబెట్టి నేర్పిందీ ఆవిడే.

ఆ స్టూడియోలో బట్టలకి ఒక అలవాటుంది. వేసుకున్నవాళ్ళ మనసు ఎటుంటే అటు వాలుతాయి. దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. హీరోగారి టై భోజనాల గది వైపు తిరిగితే డైరెక్టర్ బ్రేక్ ఇచ్చేస్తాడు, అంతే.

కూతురి స్కార్ఫు మాత్రం ప్రేమ సన్నివేశం వచ్చిందంటే చాలు, హీరోని వదిలేసి కిటికీకేసి సాగేది. అటు నది. ఒడ్డున మేనమామ పడవలు బాగుచేసే షెడ్డు. సెలవులంతా అక్కడే సుత్తి పట్టుకుని తిరిగే పిల్లని, చేతులు మొరటుబారుతున్నాయని తల్లే లాక్కొచ్చింది.

"మళ్ళీ కిటికీవైపేనా? పిన్ను పెట్టండమ్మా," అనేవాడు డైరెక్టర్. ఆవిడ పెట్టేది.

కొత్త ఒప్పందం మీద సంతకం చెయ్యాల్సిన రోజు కూడా ప్రేమ సన్నివేశమే. కూతురు తల వంచింది, పెదవి కొరికింది, స్కార్ఫు అంచు వేళ్ళకి చుట్టుకుంది. వంక పెట్టడానికి లేదు. తల్లి పిన్ను పెట్టబోతే గుడ్డ ఆవిడ చేతిలోంచి గుంజుకుంది, చెయ్యి విడిపించుకునే పసిపిల్లలా.

"గట్టిగా పెట్టమ్మా, ఊడిపోతుంది," అంది కూతురు గొంతు తగ్గించి.

తల్లి పిన్ను పక్కన పెట్టేసింది. "మావయ్య షెడ్డు తీసే ఉంటుంది. వెళ్తావా?"

"మరి సంతకం?"

"డైరెక్టర్‌తో నేను మాట్లాడతాలే. తిడితే నన్నే తిడతాడు."

కూతురు నమ్మలేనట్టు చూసింది. తర్వాత మేకప్ కూడా కడుక్కోకుండా బయటికి నడిచింది. స్కార్ఫు ముందు, తను వెనక.

డైరెక్టర్ తిట్టనే తిట్టాడు. వారం తిరక్కుండా కొత్తమ్మాయిని తెచ్చుకున్నాడు.

సెలవు దొరికిన రోజు తల్లి షెడ్డుకి వెళ్ళింది. కూతురు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం వంచి, పడవ అడుక్కి తారు పూస్తోంది. మోచేతిదాకా నలుపే. ఆ నిలబడ్డం ఆవిడ నేర్పింది కాదు. ఎంత చూసినా దిద్దడానికి ఏమీ కనపడక, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అలాగే ఉండిపోయింది.

"చూస్తూ నించున్నావేంటమ్మా? ఆ తాడు పట్టుకో."

చేతిసంచీ కింద పెట్టి, తల్లి తాడు పట్టుకుంది.